మౌల్వీసాబ్ మేజోళ్లు

ఒక పెద్దమనిషి తెల్లటి గడ్డాన్నీ, ఆయన మనవరాలి పెళ్లి సంబంధాన్నీ ఒకే మధ్యాహ్నం మసి చేసిన ఘనుణ్ణి నేను. మసి చేయడమంటే మాటవరసకు అన్నాననుకునేరు. కాదు. మా బాపమ్మ అన్నం కుండ అడుగు నుంచి నా చేతులతో గీకి తీసిన అసలు సిసలు మసి అది.

నాందేడ్ బజారులో మాది కిరాణా దుకాణం. నైజాం జమానాలో ఉర్దూ రానివాడు సర్కారు కచేరీ గడప తొక్కలేడని మా బాపు నన్ను ఎదురింటి మౌల్వీసాబ్ దగ్గర చదువుకు పెట్టాడు. ఆయన బోధన్ వైపు మనిషి కావడంతో నాతో తెలుగే మాట్లాడేవాడు. పాఠం చెబుతుంటే ఆ గొంతు ఎక్కడో దూరంగా పడవవాడు పాడుతున్నట్టుండేది. నా చెవులు అరుగు మీదే ఉండేవి, మనసు మాత్రం గోదావరి పొగమంచులోకి వెళ్లి ఏ నావలోనో ఎక్కి కూర్చునేది. పక్కన పిడుగు పడ్డా దిగేది కాదు. మీలోనూ అలాంటి శిష్యులు ఉండే ఉంటారు, మీ గురువుల మంచితనం కొద్దీ బయటపడి ఉండరు.

ఆ చలికాలం మౌల్వీసాబ్ మడమలు పగిలి నెత్తురు కారింది. కాళ్లకు చన్నీళ్లు తగలనివ్వొద్దని హకీం చెప్పాడు. మరి నమాజుకు ముందు వుజూ చేయాలి, అంటే ముఖం, చేతులు, కాళ్లు కడుక్కోవాలి. అందుకని తోలు మేజోళ్లు కుట్టించుకున్నాడు. వుజూ ఉండగా వాటిని తొడుక్కుంటే, ఆ మీదట ఒక పగలూ రాత్రీ కాళ్లు కడగక్కర లేదు. తడి చేత్తో మేజోళ్ల మీద తుడుచుకుంటే చాలు. ఆ తుడవడాన్నే మసా అంటారు. ఇదంతా ఆయన నాకు ఓపికగా వివరించాడు. నావ మీద ఉన్న నాకు ముక్కలు ముక్కలుగానే అందింది.

"మోజేల మీద మసా చేస్తె సరిపోతది బేటా. పైన చాలు, అడుగుకు అక్కర్లేదు. మూడు వేళ్లతోని తడితడిగ గీస్తె అయిపాయె," అన్నాడాయన.

మోజే అంటే మేజోళ్లని నాకు తెలుసు. మిగిలిన ఆ మాట నా చెవికి మసి. అనుమానమెందుకు? కొత్త తోలు చలికి పగలకుండా మసి పూస్తారు కాబోలు, అడుగున పూస్తే చాపకు అంటుతుంది కాబట్టి పైన చాలు అన్నారు కాబోలు. అన్నీ ఎంత చక్కగా కుదిరాయో చూడండి. నేను చేతులు కట్టుకుని, "మీకెందుకు తకలీఫ్ సాబ్, నేను చేస్త," అన్నాను.

ఆయన నవ్వి, "అది నువ్వు చేసేది కాదు రాజేశం, నేను చేసుకునేది," అన్నాడు.

ఆ మాటకు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చదువు చెప్పే మనిషి పాదసేవకు పనికిరానా నేను? ఆ రోజంతా దుకాణంలో బెల్లం అడిగినవాళ్లకు పప్పు కట్టాను. ఆయన అడక్కుండానే, ఆయనకు తెలియకుండానే ఆ సేవ చేసి తీరాలనుకున్నాను.

మర్నాడే మనవరాలు సకీనాను ఖాయం చేసుకోవడానికి దెగ్లూర్ నుంచి పెళ్లికొడుకు తాత వస్తున్నాడు. ఆ ముసలాయన మహా నిష్ఠాపరుడట. మనుషుల్లో బూటకం కనబడితే విస్తరి ముందు నుంచైనా లేచిపోతాడట. ఈ సంబంధం కుదరాలని ఆ ఇంట్లో నెల నుంచీ దువా చేస్తున్నారు. తల్లి లేని సకీనా నాకు అక్కలాంటిది. నేను తప్పు చదివితే తలుపు చాటు నుంచి దగ్గి హెచ్చరించేది.

నేను మసి గీకుతుంటే బాపమ్మ చూసి, ఎవరికి దిష్టి తగిలిందిరా అంది. గురువుగారికే అన్నాను. పాపం ఆవిడ ఇంకో కుండ కూడా చూపించింది. నువ్వుల నూనె పోసి తడితడిగా కలిపాను.

మధ్యాహ్నం మౌల్వీసాబ్ తెల్ల షేర్వానీ తొడుక్కుని, అతిథుల కోసం చూస్తూ చూస్తూ అరుగు మీది పడక కుర్చీలో నిద్రపోయాడు. నీరెండ ఆయన మోకాళ్ల దాకా పాకింది. పావురాలు కూడా కునుకు తీస్తున్నాయి. ఆ లేత ఎండలో కొత్త తోలు మేజోళ్లు బెల్లం రంగులో మెరుస్తున్నాయి. నేను కింద కూర్చుని, మూడు వేళ్లతో, పైన మాత్రమే, అడుగు ముట్టకుండా, మెల్లగా పూశాను. ఆయన నిద్రలో చిరునవ్వు నవ్వాడు. జీవితంలో అంత హాయి నేను మళ్లీ ఎరగను. గోదావరి మీది నావ ఆ క్షణాన నేరుగా స్వర్గం రేవుకు తగిలింది.

అంతలో టాంగా వచ్చింది. పెద్దాయన దిగుతూనే సాయంత్రపు అసర్ నమాజుకు వేళయిందన్నాడు. మౌల్వీసాబ్ గాభరాగా లేచాడు. నిద్రపోయాడు కాబట్టి మళ్లీ వుజూ చేయాలి. పక్కనే మసీదు. అసలే చూపు మందం, దానికి తోడు కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని నీళ్ల హౌజు గట్టున కూర్చున్నాడు. ముఖం కడిగాడు, చేతులు కడిగాడు, తల తడిచేశాడు, ఆఖరున తడి వేళ్లతో రెండు మేజోళ్ల మీదా నిండుగా తుడిచాడు.

మా దుకాణం నుంచి చూస్తున్న నాకు, ఆయన నా పనిని చెరిపేస్తున్నాడెందుకో అర్థం కాలేదు. నమాజు మొదలయ్యాక కొద్దికొద్దిగా అర్థమైంది. చేతులు కట్టుకుంటే షేర్వానీ మీద నల్లటి పంజా. వంగితే మోకాళ్ల మీద రెండు. చివర దువా చేసి, రెండు అరచేతులూ ముఖం మీదుగా భక్తిగా గడ్డం చివరి దాకా దింపుకున్నాడు. పాలలాంటి గడ్డం మా కుండ అడుగు రంగులోకి వచ్చింది.

దెగ్లూర్ పెద్దాయన సలాం చెప్పబోయి ఆగిపోయాడు. కాసేపు ఆ గడ్డాన్నే చూశాడు. ముసలితనంలో నల్లరంగు వేసుకోవడం ఆయన దృష్టిలో పచ్చి బూటకం.

"నేనచ్చినప్పుడు తెల్లగనే ఉండె," అన్నాడు మా దుకాణం దాకా వినబడేలా. "పెండ్లి మీ మన్మరాలికా సాబ్, మీకా?"

చెప్పుల కోసం వంగాడు. దుకాణం వదిలేసి పరుగెత్తి మసీదు మెట్ల దగ్గర నిలబడ్డాను. నా మూడు వేళ్లు ఇంకా నల్లగానే ఉన్నాయి. మౌల్వీసాబ్ కళ్లద్దాలు పెట్టుకుని తన చేతులు చూసుకున్నాడు, మేజోళ్లు చూసుకున్నాడు, తర్వాత నా వేళ్లు చూశాడు.

"రాజేశం, మోజేలకు ఏం చేయాలె అన్న నేను?"

"మసి, సాబ్."

ఇద్దరు ముసలివాళ్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. దెగ్లూర్‌లో కూడా తెలుగు ఉంది కాబట్టి నేను బతికాను. ముందు పెద్దాయన భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, ఆ తర్వాత మెట్ల మీద కూలబడి కళ్లు తుడుచుకున్నాడు. మౌల్వీసాబ్ నవ్వుతుంటే గడ్డం నుంచి మసి రాలింది.

నవ్వు ఆగాక వాళ్లకు అసలు సందేహం వచ్చింది. తడి తోలుకు తగిలిందా, మసికి తగిలిందా? నూనె పొర తడిని ఆపదని మౌల్వీసాబ్, పొర మందాన్ని బట్టి ఉంటుందని పెద్దాయన. పెళ్లి మాట మరిచి పొద్దు వాలేదాకా వాదించుకుని పాత స్నేహితులైపోయారు. చివరికి దేనికైనా మంచిదని మేజోళ్లు విప్పి, కాళ్లు కడిగి, నమాజు మళ్లీ చేయాలని తేల్చారు.

చన్నీళ్లు పనికిరావు కదా. నేను మా ఇంటి నుంచి వేణ్ణీళ్లు తెచ్చి, ఆ పగిలిన మడమల మీద మెల్లగా పోశాను. మౌల్వీసాబ్ నా తల మీద చెయ్యి వేశాడు. "ఇదీ బేటా నువ్వు చేసేది," అన్నాడు. నాకు మళ్లీ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయన చెయ్యి తీశాక నా తల మీద కూడా మసి మిగిలింది.

పెళ్లి వైభవంగా జరిగింది. పందిట్లో బాలీసుకు ఆనుకుని కాళ్లు చాపుకున్న దెగ్లూర్ పెద్దాయన, నేను వస్తుండడం చూసి, ఏమీ ఎరగనట్టే రెండు కాళ్లూ షేర్వానీ కిందికి ముడుచుకున్నాడు.

ఆ ముడుచుకున్న కాళ్ల సాక్షిగా నాడే ప్రతిజ్ఞ చేశాను. గోదావరిలో నీళ్లున్నంత కాలం, నిద్రపోతున్న ఏ పెద్దమనిషికీ నేను సేవ చేయను. చేయక తప్పకపోతే, ముందు లేపి, ఏ భాషలో చేయాలో అడుగుతాను.