కొలత తెలియని వంటిల్లు

మా చిన్నప్పుడు సరుకుల ఓడ ఆలస్యమైతే మా దీవిలో, ప్రోతరాపూర్‌లో చింతపండు దొరికేది కాదు. అయినా మా అమ్మ చేపల పులుసు మానేది కాదు. మామిడికాయ వేసేది... అదీ లేకపోతే గోంగూర. ఒకసారి ఏమీ లేక, జాడీలోంచి నిమ్మకాయ ఊరగాయ ముక్కలు తీసి వేసేసింది.

మా నాన్న ఒక ముద్ద తిని, "ఏటే ఇది? పులుసా, ఊరగాయా?" అన్నాడు.

"ఓడొచ్చేదాకా దీన్నే పులుసంటారు. తిను" అంది అమ్మ. ఆయన మళ్లీ వేయించుకున్నాడు.

ఇల్లూ అంతే... నాన్న పడవకి వేయగా మిగిలిన రంగే గోడలకి. ఒకటి నీలం, ఒకటి ఎరుపు, మూడోది రంగు చాలక సగం వరకే. పక్కింటి దీదీ నవ్వేది, "అరే, యే ఘర్ హై యా నావ్?" అని... ఇది ఇల్లా, పడవా అని.

"నావే దీదీ, ఆప్ భీ ఎక్కండి" అనేది అమ్మ.

మా అమ్మాయి బుల్లికి అమ్మమ్మ చెయ్యే వచ్చింది. చిరిగిన వలతో కిటికీకి తెర కట్టింది. పగిలిన చేపల ట్రేలు గోడకి బిగించి పుస్తకాలు సర్దుకుంది. నూడుల్స్‌లో ఎండు రొయ్యలు వేసేది. ఎంత వెయ్యాలే అంటే, "చూసి వెయ్యమ్మా, కొలతలేటి!" అనేది.

పోయిన ఏడాది జ్వరం వచ్చి చనిపోయింది. పంతొమ్మిదేళ్లు.

ఆ తరవాత నేను గ్లాసుతో కొలవడం మొదలుపెట్టాను. చూసి వేస్తే చెయ్యి ముగ్గురికి వేసేస్తోంది. ఉన్నది నేనూ, మా ఆయనా. గిన్నెలో మిగిలింది చూసి ఆయన కంచం ముందు నుంచి లేచిపోయేవాడు. అందుకని గ్లాసున్నర బియ్యం, అరగ్లాసు పప్పు... ఏడాదంతా అదే. మిగల్లేదు. రుచీ లేదు.

నిన్న ఆయన వేట నుంచి సుర్మాయి చేప తెచ్చాడు. వంటగట్టు మీద పెట్టి, "కొలవకే. నీకు తోచినట్టు వండు" అన్నాడు. అంతే అన్నాడు.

వండాను. కొబ్బరిపాలు పోశాను, ఇంట్లో ఉంటే నాలుగు అనాస ముక్కలు కూడా వేశాను. ముగ్గురికే అయింది.

ఆయన గిన్నెలోకి చూశాడు... లేవలేదు. మూడో మనిషి భాగం ఇద్దరం చెరి సగం వేసుకుని తిన్నాం.

ఇప్పుడు అందరూ ఫోన్ చూసి కొలత ప్రకారం వండుతున్నారు. గోడలన్నీ ఒకే రంగు... తప్పని కాదు. సరుకు లేని రోజున మీ అమ్మ ఏం వేసి వండేదో రాయండి, చదువుతాను.

ముందు అన్నం తినండి. కడుపు నిండా తినండి.