నిన్నటిది చెల్లదు

నిడదవోలు స్టేషను రోడ్డులో చెరకురసం బండివాడు గోనెసంచి విప్పి, తడి ఊకలోంచి ఐసుగడ్డ బయటికి లాగినప్పుడు ఒక వాసన వస్తుంది. కొంచెం మిల్లు, కొంచెం మట్టి, కొంచెం నానిన గోనె. ఆ వాసనకి మిగతా జనానికి దాహం వేస్తుంది. నాకు మాత్రం ముందు మా తాతయ్య శవం గుర్తొస్తుంది, ఆ తర్వాత నోరూరుతుంది. ఈ రెండూ ఇలా ఒకదాని వెంట ఒకటి రావడం మంచి మనిషి లక్షణం కాదని నాకూ తెలుసు. అందుకే గ్లాసు చేతికొచ్చేదాకా తల వంచుకుని నిలబడతాను. బండివాడు నన్ను చాలా మర్యాదస్తురాలనుకుంటాడు.

మా ఊరు అక్కడికి దగ్గరే. కాలవ గట్టుకి కింద, వరిచేలకి పైన, ఏ వర్షం వచ్చినా ఎటువైపు నుంచి మునుగుతామో తేల్చుకోలేని చోట మా ఇల్లు. తాతయ్య రైల్వే గేటు వేసీ తీసీ రిటైరయ్యాడు. జీవితమంతా రైళ్ళకి దారిచ్చిన మనిషి, తను మాత్రం రాజమండ్రి దాటి ఎక్కడికీ వెళ్ళలేదు. అడిగితే, "అన్నీ మన ముందునుంచే పోతున్నాయి కదే, మళ్ళీ మనం పోవడం దేనికి?" అనేవాడు. ఇంట్లో అసలు అధికారం మామ్మది. మామ్మ అంటే నాన్న తల్లి. లూథరన్ గుడిలో ఆడవాళ్ళ కూటానికి పెద్ద. పాటల పుస్తకం చూడకుండా ఏ పాటైనా పాడేది, రాగం మాత్రం ప్రతిసారీ కొత్తది.

దీపాలు వెలిగించే వేళకి వసారాలో చాప పరిచి ప్రార్థన చేసుకునేవాళ్ళం. పాట, వాక్యం, ప్రార్థన అయ్యాక, ఆమెన్‌కీ అన్నానికీ మధ్య మామ్మ ఒక చెక్‌పోస్టు పెట్టింది. అన్నం గిన్నె తన ఒళ్ళోకి లాక్కుని, గరిటె చేత్తో పట్టుకుని, ఒక్కొక్కరినీ అడిగేది: "ఇవాళ్టిది ఏంటి?" ఆ రోజు మనసుకి బాగుందనిపించినది ఒకటి చెప్పాలి, చెబితేనే కంచంలో అన్నం. పరీక్ష పాసవడం, జ్వరం తగ్గడం లాంటివి పనికిరావు. "పెద్దవి దేవుడికి తెలుసు. ఆయన కంటపడనివి చెప్పండి" అనేది. ఇంకో నియమం మరీ కఠినం. నిన్న మరిచిపోయి ఇవాళ గుర్తొచ్చిందంటే ఒప్పుకునేది కాదు. ఒకసారి పక్కింటి రైతుగారి లేగదూడ నాన్న చొక్కా నమిలితే, ఆ సంగతి నాన్న మర్నాడు చెప్పబోయాడు. నమిలిన చొక్కా సాక్ష్యంగా తెచ్చి చూపించినా మామ్మ కరగలేదు. "నిన్నటిది నిన్న చెప్పాల్సింది. ఇప్పుడు చెల్లదు."

అలా మా ఇంట్లో ఋతువులు కంచాల ముందు మారేవి. కాలవకి నీళ్ళొదిలిన పొద్దున ఎర్రనీటికి ముందుగా ఎండుటాకులూ తెగిన చెప్పులూ గలగలమంటూ దొర్లుకొచ్చిన చప్పుడు అమ్మ చెప్పేది. చలికాలంలో తంపటి వేసి కాల్చిన తేగల తొక్క ఒలిచాక రోజంతా వేళ్ళని వదలని పొగవాసన, క్రిస్మస్ ముందు వెదురుగడకి కట్టిన నక్షత్రంలో బల్బు అన్ని తిట్లూ తిన్నాక వెలగడం, గులాబీ పువ్వుల పిండిలో ముంచిన అచ్చు నూనెలో పెడితే అంటుకోకుండా జారిన మొదటి పువ్వు, ఎండాకాలంలో ముంజెలో బొటనవేలు దిగగానే మొహం మీద చిమ్మిన నీళ్ళు, ఇవన్నీ వంతులవారీగా ఆ చాప మీదికి వచ్చేవి. తాతయ్యకి మాత్రం ఏడాది పొడుగునా మజ్జిగే. చెప్పిందే చెప్పకూడదు కాబట్టి, "ఇవాళ మజ్జిగలో ఉప్పు కుదిరింది", "ఇవాళ కరివేపాకు పడింది", "ఇవాళ రెండో గ్లాసుకి ఎవరూ కళ్ళెర్రజేయలేదు" అని నెట్టుకొచ్చేవాడు. నేను ఆకలిమీద వేళాకోళాలు ఆడేదాన్ని. "ఇవాళ్టిది, మామ్మ అన్నం తొందరగా పెట్టడం" అంటే, "అదింకా జరగలేదు కదే" అని నా కంచం అందరికంటే చివరికి తోసేది.

నేను మూడో తరగతి పాసైన వేసవిలో తాతయ్య ఒక పొద్దున మజ్జిగ తాగి, గ్లాసు జాగ్రత్తగా కింద పెట్టి, పోయాడు. కాలవలు కట్టేసిన రోజులు. ఆకు కదలడం లేదు, కరెంటు లేదు. మండపేట నుంచి అత్త, అంటే నాన్న చెల్లెలు, వచ్చేదాకా శవాన్ని ఆపాలి. రిక్షా తొట్టిలో ఊక కప్పిన ఐసు దిమ్మలు దిగాయి. సగం లోపలికి వెళ్ళాయి, సగం వేపచెట్టు నీడలో పెట్టారు.

"కుక్కలు రాకుండా చూడవే బేబీ" అని అమ్మ నన్ను అక్కడ కూర్చోబెట్టింది.

కుక్కలకి ఐసు మీద ఆసక్తి లేదు. నాకుంది. ముందు ఊకలో చెయ్యి పెట్టాను. పైన వెచ్చగా, లోపలికి వెళ్ళేకొద్దీ చల్లగా, అట్టడుగున వేళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉంది. ఒక పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది. దానికంటిన ఊక గౌనుకి తుడిచి బుగ్గన పెట్టుకున్నాను. చెవులదాకా చల్లబడింది. అప్పుడే వీధి చివర ఆటో ఆగింది. అత్త దిగకముందే ఏడుపు దిగింది. తాతయ్య చచ్చిపోయిన రోజున నాకింత బాగుండటమేమిటని భయమేసి, పెచ్చు ఉమ్మేద్దామనుకున్నాను. కరిగేదాకా అనుకుంటూనే ఉన్నాను.

సమాధుల తోట నుంచి వచ్చాక, చావింట పొయ్యి వెలిగించకూడదని పక్కింటి రైతుగారి భార్య అన్నం, పప్పుచారు పంపించింది. ప్రార్థన అయింది. మామ్మ గిన్నె ఒళ్ళోకి లాక్కుని గరిటె అందుకుంది.

"అమ్మా, ఈపూట వద్దమ్మా" అన్నాడు నాన్న.

"రోజూ ఉన్నదే కదరా. ఇవాళ్టిది ఏంటి?"

"ఇవాళ ఏముంటాదమ్మా?" అని అత్త మళ్ళీ మొదలెట్టింది. మామ్మ ఆమెని దాటేసి నావైపు తిరిగింది. ఒక వేళాకోళం కోసం వెతుక్కున్నాను. దొరకలేదు.

"ఐసు" అన్నాను.

"ఏ ఐసే?"

"తాతయ్యదే. తిన్నాను."

అత్త నోటిమీద చెయ్యేసుకుంది. అమ్మ నా తొడ మీద గిల్లింది. మామ్మ మాత్రం నా కంచంలో అన్నం పెట్టి, "చల్లగా ఉందా?" అంది.

"ఉంది."

"మీ తాతయ్య తలగడ దగ్గర కూచుంటే నా మోకాళ్ళకి కూడా చల్లగా తగిలింది. ఇన్నేళ్ళలో ఎండాకాలం అంత హాయిగా ఎప్పుడూ కూచోలేదు. నేను ఎవరికి చెప్పుకోవాలా అని చూస్తున్నాను" అంది. అప్పుడు ఏడ్చింది. గరిటె వదల్లేదు.

పెద్దయ్యాక నాకు రాజమండ్రిలో ఉద్యోగం వచ్చింది. చెక్‌పోస్టు ఫోనులోకి మారింది. సాయంత్రం సరిగ్గా నేను బస్సులో నిలబడి ఊగుతున్నప్పుడు మామ్మ ఫోను చేసేది. "ఇవాళ్టిది ఏంటే?" "బిజీ మామ్మా, రేపు రెండూ కలిపి చెప్తాను." "రేపు చెల్లదే" అనేది, నవ్వుతూనే. నాకు ఏదో ఒకటి ఉండేది కూడా. చెప్పడానికి బద్ధకం, అంతే.

మామ్మ పోయినవారం పోయింది. ఈసారి ఐసు రాలేదు, ఊక రాలేదు. అద్దెకి ఫ్రీజర్ బాక్సు వచ్చింది. మధ్యాహ్నమంతా ఆ అద్దానికి నుదురు ఆనించి కూర్చున్నాను. అందరూ నేను కుమిలిపోతున్నాననుకున్నారు. కుమిలిపోతున్న మాట నిజమే, కానీ చల్లగా కూడా ఉంది. సాయంత్రం ప్రార్థన అయ్యాక కేటరింగు కుర్రాళ్ళు ప్లాస్టిక్ తొడుగుల చేతుల్తో, ఎవరినీ ఏమీ అడక్కుండా, ఎంత కావాలంటే అంత వడ్డించారు. ఆమెన్‌కీ అన్నానికీ మధ్య ఖాళీ లేదు. అడగాల్సింది ఎవరో నాకు తెలుసు. నా నోట్లోంచి వస్తే వేళాకోళమనుకుంటారేమోనని అన్నం కలుపుకున్నాను.

ఇవాళ మామ్మ పేరున జరిపే ఆదరణ కూడికకి విస్తళ్ళూ గ్లాసులూ కొనడానికి నాన్నా నేనూ నిడదవోలు వచ్చాం. ఎండకి ఆగలేక ఆ బండి దగ్గర ఆగాం. సగం గ్లాసు తాగాక నాన్న అన్నాడు:

"ఆవేళ నువ్వు అడుగుతావేమో అని చూశానే."

"ఏంటి నాన్నా?"

"అదే, అన్నాల ముందు. నా దగ్గర ఒకటుంది ఆవేళ."

"చెప్పు మరి, ఇప్పుడు చెప్పు."

నాన్న గ్లాసులోకి చూసి తల అడ్డంగా ఊపాడు. "నిన్నటిదే చెల్లదు. అది వారం నాటిది."

ఇలాంటి చోట ఒక మాట విసిరి బయటపడటం నాకు అలవాటు. ఆ మాట రాలేదు. "మరి ఇవాళ్టిది ఏంటి?" అని అడిగాను.

నాన్న ఐసుముక్క పంటికింద నలిపి, నాలుక మీంచి ఒక ఊక పొట్టు తీసి, వేలి మీద పెట్టి చూపించాడు. "ఇంకా ఊకలోనే పెడుతున్నారే" అన్నాడు. ఆ తర్వాత నాది చెప్పించుకుని, గ్లాసు బండివాడికిచ్చి, విస్తళ్ళ కట్ట భుజానికెత్తుకున్నాడు.

ఆవేళ్టిది ఏమిటో నాకిక ఎప్పటికీ తెలియదు. మా నాన్న నియమం తప్పే మనిషి కాదు.