పచ్చి పిప్పి

మూఢనమ్మకం కనిపిస్తే మీద పడి కరవడం నాకు అలవాటు. ఆ అలవాటుతోనే పోయిన చెరకు కాలంలో ఐరాల దగ్గర ఒక రైతు బెల్లం గానుగకు వెళ్లాను. అక్కడ కట్టెలు కాల్చరు. రసం తీసిన చెరకు పిప్పినే ఎండబెట్టి పొయ్యిలో వేస్తారు. చెట్లను కాపాడే ఆ పద్ధతి గురించి వ్యాసం రాయాలని నా ఆశ.

పొయ్యి దగ్గర ఒక పెద్దావిడ కూలికి మంట వేస్తోంది. పక్కనే పచ్చి పిప్పి కుప్ప ఉన్నా, దూరంగా ఆరబెట్టిన పిప్పిని మోపులు మోపులుగా మోసుకొస్తోంది. ఎందుకని అడిగాను.

"పచ్చిది ఏస్తే అగ్గిదేవుడు అలుగుతాడు సారూ."

నాకింకేం కావాలి? "అలిగినట్టు నీకు చెప్పాడా?" అన్నాను.

"మీ ఇంటామె అలిగితే సెప్పి అలుగుతాదా? కూడు ఒండదు, అంతే."

చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు. వాదంలో ఓడిపోవడం నాకు చేతకాదు. ఆమె "వద్దు సారూ, వద్దు" అంటున్నా, పచ్చి పిప్పి చేతులనిండా ఎత్తి పొయ్యిలో కుక్కాను. ఒకసారి కాదు, చాలాసార్లు.

మంట అణిగి పొగ కమ్మింది. తడి ఇంధనంలోని వేడి ముందు ఆ నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది, మిగిలిందే రసం కాగే పెనానికి చేరుతుంది. సైన్సు సభల్లో నేను చెప్పే పాఠమే ఇది! త్వరగా చిక్కబడాల్సిన రసం గంటల తరబడి సన్నగా ఉడుకుతూ నల్లబడింది. బెల్లం గడ్డ కట్టలేదు.

రైతు వచ్చి చూశాడు. "ఏమ్మే, కండ్లు యాడ పెట్టుకోనుండావు? పెనమంతా పాడు సేసినావు గదా! రేపట్నించి రావాకు."

ఆమె నా వైపు ఒక్కసారి చూసింది. నేను కళ్లద్దాలు తుడుచుకుంటున్నాను. చూసినవాళ్లెవరూ నోరు విప్పలేదు. విప్పాల్సింది నేను.

వారం తర్వాత వెళ్లి రైతుకు నిజం చెప్పాను. "మీరా ఏసింది! అప్పుడే సెప్పింటే సరిపోయుండేది గదా సార్. పోనీలే, తమాషాకు ఏసింటారు," అని నవ్వి కాఫీ తెప్పించాడు. ఆమెను మళ్లీ పిలవమన్నాను. వేరే మనిషి కుదిరిందన్నాడు.

ఆ కొత్త మనిషి ఆ రోజు నవ్వినవాళ్లలో ఒకామె. ఎండు పిప్పి మోపు దించి, నన్ను గుర్తుపట్టి, పచ్చి కుప్పకూ నాకూ మధ్య వచ్చి నిలబడింది.