ఎదురుగాలి బాతులు

వలస బాతులు నేలకు దగ్గరగా ఎగిరితే నేనిప్పటికీ గాలి ఎటుందో చూస్తాను.

తెలంగాణ ఉద్యమంలో ఓ చలికాలం, రఘునాథపల్లి దగ్గర రాస్తారోకోలో మా బస్సు ఆగిపోయింది. నేలకు దగ్గరగా ఎగురుతూ రోడ్డు దాటుతున్న బాతుల్ని చూసి పక్క సీట్లోని ముసలి రైతు, "ఎదురుగాలైతే గిట్లనే కిందకెల్లి పోతయ్ బిడ్డా. గాలి జనగామ దిక్కుకెల్లి కొడ్తాంది" అన్నాడు.

అంతలో పోలీసుల లాఠీలకు బస్సు అద్దాలు పగిలాయి. బాష్పవాయువు కమ్మింది. కిందికి దూకిన వాళ్లంతా గాలివాటున పరుగెత్తారు. పొగ వాళ్లనే తరిమింది.

"తూర్పారబడితే పొట్టు పోయే దిక్కు నిలవడ్తమా? గాలికెదురు రా" అంటూ ఆయన నన్ను జనగామ వైపు గుంజాడు. నన్ను బయటపడేసి మళ్లీ పొగలోకి పోయాడు. ఓ ఆడమనిషిని భుజాన వేసుకుని వస్తుంటే తల మీద లాఠీ పడింది. నెత్తురు కళ్లలోకి కారింది.

ఆయన ఇంకాస్త కిందికి వంగాడు. గాలికెదురుగానే వచ్చాడు.