సైదులుకు చెప్పని జాగ్రత్త

పదకొండేళ్లు ఒక మాట నా గొంతులో అడ్డంగా ఉండిపోయింది. చలికి డీజిల్ గడ్డకడుతుంది. ఇంతే మాట. చెప్పాల్సినప్పుడు రెండుసార్లు మింగేశాను. ఇప్పుడు మీకు చెప్తున్నాను. మీరు నన్ను ఎరగరు, అందుకేనేమో.

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు లారీ మీద ఆరు చలికాలాలు కశ్మీర్‌కు బియ్యం తోలాను. తర్వాత నా చూపు మందగించింది. సేటు నన్ను దించి మిల్లు షెడ్డులో రిపేర్లకు పెట్టాడు. నా లారీని కోదాడ సైదులుకిచ్చాడు. నాకన్నా పదేళ్లు చిన్నవాడు. 'నా లారీ' అంటున్నాను చూడండి, ఇప్పటికీ.

మొదటిసారి బయల్దేరే ముందు సైదులు షెడ్డుకొచ్చాడు.

"అన్నా, గాడ చలికి బండికేమన్న జాగ్రత్తలున్నయా?"

"బండికేముంటయిరా. నువ్వే రెండు దుప్పట్లు ఎక్కువ పెట్టుకో."

"మా అత్త ఇచ్చిన బొంత ఉందిలే అన్నా. దాని బరువుకే చలి పారిపోద్ది," అని నవ్వుకుంటూ పోయాడు.

మన వైపు పోయించిన డీజిల్ ఆ కొండల్లో మైనంలా తెల్లగా పేరుకుని ఫిల్టర్‌ను మూసేస్తుందని నాకు తెలుసు. ఎందుకు చెప్పలేదు? నేను లేకుండా ఆ దారి సాగదని సేటుకు తెలియాలనుకున్నానా? బండి ఒక్కరోజు ఆగితే చాలనుకున్నాను, అంతకన్నా చెడు కోరలేదని ఎన్నిసార్లు సర్దిచెప్పుకున్నానో, అన్నిసార్లూ ఆ మాట నాకే నచ్చలేదు.

బండి మూడు రోజులు ఆగింది. డీజిల్లో కలపమని పక్క లారీ వాళ్లు కిరోసిన్ ఇస్తే, అది పోసి ఎట్లాగో కదిలించాడు. తిరిగొచ్చాక క్యాబిన్లో ఖాళీ కిరోసిన్ డబ్బా సేటు కంటపడింది. డీజిల్ అమ్ముకుని ఇది కలిపావన్నాడు. సైదులు జరిగింది జరిగినట్టు చెప్పాడు. సేటు నమ్మక, నా వైపు తిరిగాడు.

"ఆరేండ్లు తిరిగినోనివి. చలికి డీజిల్ గడ్డకడ్తదా?"

సైదులు నన్నే చూస్తున్నాడు.

"నాకైతే ఎన్నడూ కాలేదు సేటూ."

అబద్ధం కాదు. జాగ్రత్తపడేవాణ్ని కాబట్టి నాకు కాలేదు. ఆ సగం నిజం వెనక పదకొండేళ్లు దాక్కున్నాను.

ఆ రోజే వాణ్ని తీసేశారు. ఏ మిల్లూ మళ్లీ లారీ ఇవ్వలేదు. కోదాడలో ఆటో నడుపుతున్నాడని, ఇప్పటికీ డీజిల్ దొంగ అంటారని విన్నాను. సూర్యాపేటలో మా ఇంటి ముందే హైవే. ఏ లారీ అయినా స్టార్టు కాక గునిసిందా, చేతిలో అన్నం ముద్ద అట్లాగే ఆగిపోతుంది. మా ఆవిడకు కారణం తెలియదు.

మొన్న, మొదట సేటు దగ్గరికి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. "ఇన్నేండ్లకు ఇప్పుడెందుకు?" అన్నాడు. అటునుంచి అటే కోదాడ బస్సెక్కాను.

స్టాండులో సైదులు ఆటో సీటు తుడుస్తున్నాడు. గుర్తుపట్టాడు. కూర్చోమనలేదు. నిలబడే మొదలుపెట్టాను.

"కొండెక్కకముందే మన డీజిల్ అయిపోవాలె. గాడ దొరికే చలికాలం డీజిల్ పోయించుకోవాలె. ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు తీసెయ్యాలె. కొత్త ఫిల్టర్ ఒకటి ఎంబడి ఉండాలె."

వాడి చేతిలో గుడ్డ ఆగలేదు. నా మాట కూడా ఆగలేదు.

"గిదంత నాకు ఎరుకే సైదులూ. నువ్వడిగిననాడు చెప్పలే. సేటు అడిగిననాడూ చెప్పలే. తప్పు నాది. మాఫ్ చెయ్యమననీకి మొఖం లేదు. అయినా అడుగుతున్న."