దారమత్త ఎంచిన లైను

మా మేనత్తని వీధిలో పిల్లలందరూ దారమత్త అంటారు. ఆ పేరంటే ఆవిడకి ఒళ్ళు మంట. "దారం ఏమిట్రా, దారం! బొత్తాలు కుట్టుకునేదాన్ని దారం అంటారు. ఇది లైను!" అని వాళ్ళ వెంటపడుతుంది. వాళ్ళకి కావలసిందీ అదే కాబట్టి ఆ పేరు ఆవిడని వదల్లేదు.

అత్త పనిచేసేది చేపల వేట సామాన్ల కొట్లో. కర్రలు, రీళ్ళు, తొడలదాకా వచ్చే రబ్బరు బూట్లు ముందుగదిలో ఉంటాయి. వెనకగదిలో గోడ పొడుగునా ఉన్న అరలన్నీ అత్త రాజ్యం. అక్కడన్నీ లైన్లే. మామూలు గాలానికి బరువు కట్టి విసిరితే దారం దాని వెనకే పోతుంది. ఈ వేట అలా కాదు. ఇందులో ఎర అంటే ఈకలతో పురుగులా కట్టిన చిన్న కొక్కెం, ఊదితే ఎగిరిపోతుంది. దాన్ని ఏటి మధ్యకి పంపాలంటే బరువు లైనులోనే ఉండాలి. మనం విసిరేది లైనుని, ఈక ఊరికే దాని వెంట పోతుంది. లైను కుదరకపోతే ఎంత మంచి కర్రయినా బట్టలారేసుకోవడానికే పనికొస్తుందని అత్త కొత్తగా వచ్చిన ప్రతివాడికీ చెబుతుంది.

కొనడానికి వచ్చినవాణ్ణి డాక్టరులా కూర్చోబెట్టి అడుగుతుంది. నీ కర్ర నంబరెంత, అంటే ఎంత బరువు లైనుకి చేసింది? నీళ్ళు పారుతుంటాయా, నిలవగా ఉంటాయా? లోతెంత? నువ్వు పట్టే చేప పైకొచ్చి తింటుందా, అడుగున పడి ఉంటుందా? పైన తినేదానికి తేలే లైను, అడుగున ఉండేదానికి మునిగే లైను. "ఏదో ఒకటి ఇవ్వండమ్మా" అన్నవాడికి మాత్రం ఆ రోజు చీవాట్లే. కొట్టు యజమాని తల పట్టుకుని కూర్చునేవాడు గానీ ఆవిడని ఏమీ అనలేకపోయేవాడు.

ఇంత తెలిసిన మనిషికి విసరడం మాత్రం చేతకాదు. చెయ్యి ఊపిందంటే లైను వచ్చి ఆవిడ మెడకే చుట్టుకునేది. విసిరేవాడు మా నాన్న. చిన్నప్పుడే తల్లి పోతే తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచింది అత్తే. ఆయన చేతికి మొదటి లైను ఎంచి ఇచ్చిందీ అత్తే. నాన్న నోట్లో నాలుక లేని మనిషి. ఏట్లోకి దిగాడంటే ఆయన ఎత్తు పెరిగినట్టుండేది. లైను ఆయన తల మీదుగా వెనక్కి పోయి, బారుగా చాపుకుని, మళ్ళీ ముందుకొచ్చి నీళ్ళమీద చప్పుడు లేకుండా పడుకునేది. చేపలు పడేవా అంటే, అంతంతమాత్రం. పడినవాటినీ సగం వదిలేసేవాడు. ఇదేం వేటరా భగవంతుడా అని నేను విసుక్కునేదాన్ని.

తరవాత ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆసుపత్రివాళ్ళు ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. అలా అన్నారంటే ఏమిటో నాకూ తెలుసు, అత్తకీ తెలుసు, ఆయనకీ తెలుసు. ఇంటికొచ్చిన రెండోనాడు నాన్న అన్నాడు, "ఒక్కసారి ఏటికెళ్ళొద్దామక్కా" అని. ఆయన నోరు తెరిచి ఏదైనా అడగడం నేను వినడం అదే మొదలు. మా అమ్మ పోయినప్పుడు కూడా ఎవర్నీ ఏమీ అడగలేదు.

ఆ ఒక్క మాటకి అత్త కొట్టంతా తలకిందులు చేసింది.

"చలికి చేపలన్నీ అడుక్కి పోయి ఉంటాయే అమ్మాయ్. తేలే లైను వేస్తే ఒక్కటీ మొహం చూపించదు. మునిగేదే కావాలి, అదీ గబుక్కున మునిగేది" అంది.

"నాన్నని అడిగావా?"

"వాణ్ణి అడిగేదేమిటి? ఇన్నాళ్ళూ వాడికి ఎంచింది నేను కాక మీ తాతా? నా తమ్ముడు ఉత్త చేతులతో ఇంటికి రాకూడదు, అంతే."

అత్తతో వాదించడం నావల్ల ఎప్పుడూ కాలేదు. ఆ ఆదివారం ఇద్దరం చెరో పక్కా పట్టుకుని నాన్నని ఏటి అంచున నిలబెట్టాం. కుడిచెయ్యి చిక్కి సగమైంది, అయినా కర్ర పట్టుకోగానే వేళ్ళు వాటంతటవే సర్దుకున్నాయి. విసిరాడు. నల్లటి లైను గాల్లో చాపుకుంది, నీళ్ళని తాకింది, తాకీ తాకగానే కిందికి దిగిపోయింది. నాన్న నీళ్ళకేసి చూస్తూ నిలబడ్డాడు. మళ్ళీ విసరాలంటే మునిగినదాన్నంతా అడుగునుంచి పైకి లాక్కోవాలి. రెండు చేతులా లాగాడు. రెండోసారి విసిరేసరికి ఆయాసంతో పెదాలు నల్లబడ్డాయి. సరిగ్గా అప్పుడే లైను గుంజింది.

అత్త చిన్నపిల్లలా గంతులేసింది. "పడింది! పడిందిరా! నేను చెప్పలా?" ఆవిడే నీళ్ళలోకి దిగి చేపని వలలోకి తీసింది. మంచి చేప, నా మోచేతి పొడుగుంది. ఇంకోసారి వేస్తావా అని అడిగితే నాన్న చాలక్కా అన్నాడు. దారిపొడుగునా కనిపించినవాళ్ళందరికీ అత్త ఆ చేపని ఎత్తి చూపించింది. తన బతుకులో అంతకంటే మంచి లైను ఎంచలేదని చెప్పుకుంది.

కొన్నాళ్ళకి ఒక సాయంత్రం అత్త ఆయనకి పాలు తాగిస్తోంది.

"చేప బాగుందక్కా" అన్నాడు నాన్న. మూతి తుడుచుకుని, "లైనే కనపళ్ళేదు" అన్నాడు.

"మునిగేది కదరా, ఎలా కనపడుతుంది?"

"అవునులే. అది నీళ్ళమీద పడుకోవడం ఒకసారి చూద్దామనుకున్నా. దానికోసమే వచ్చా."

నిష్ఠూరంగా అనలేదు. ఉన్న సంగతి చెప్పాడంతే. అత్త గ్లాసు పట్టుకుని వంటగదిలోకి వచ్చి నా ముందు నిలబడింది. "ఏ చేప కావాలి, ఎంత లోతు కావాలి అని ఊరందర్నీ అడుగుతానే నేను. వాణ్ణొక్కణ్ణే నీకేం కావాల్రా అని అడగలేదే" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మరి నేను నాన్నని అడిగావా అన్నానుగా అని మొహాన అనేద్దామనుకున్నాను. ఏడుస్తున్న మనిషిని ఏమంటాం!

అప్పటికి నాన్న మెట్లు దిగే స్థితిలో లేడు. మర్నాడు అత్త లేతపసుపు రంగు తేలే లైను తెచ్చింది. నాచేత మంచం కిటికీ పక్కకి జరిపించింది. తను వీధిలోకి దిగి, మా కిటికీ కింద నిలబడి, చుక్క నీళ్ళు లేని రోడ్డు మీద విసరడం మొదలుపెట్టింది. ఒకసారి దీపస్తంభానికి చుట్టుకుంది. ఒకసారి ఎదురింటివాళ్ళ దుప్పటి ఊడొచ్చింది. పిల్లలు దారమత్తా దారమత్తా అని కేకలు పెడుతున్నా ఆవిడ తల తిప్పలేదు. నాన్న నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది, అయినా నవ్వాడు.

"లైను బయటికి కొంచెమే వదుల్తోంది కదా, ఆ బరువుకి కర్ర వంగట్లేదమ్మా" అన్నాడు నాతో. "ఒక నంబరు పెంచమను."

నేను కిటికీలోంచి అరిచి చెప్పాను. అత్త నెత్తి కొట్టుకుంది. "అవును కదా! దగ్గర విసురుకి లైను ఒక నంబరు ఎక్కువ బరువుండాలని లోకానికంతా నేనే చెబుతాను!"

"ఇప్పుడెందుకత్తా, పైకి రా" అన్నాను.

"ఇలా వెళ్ళి అలా వచ్చేస్తా" అని కర్ర భుజాన వేసుకుని కొట్టుకి పరుగెత్తింది.

నాన్న రోడ్డుకేసే చూస్తూ పడుకున్నాడు. "అక్క వచ్చిందా?" అన్నాడు. వస్తోంది నాన్నా అన్నాను. కాసేపటికి మళ్ళీ అదే అడిగాడు. ఊపిరి తీసుకోవడానికి మెడ ఎత్తుతున్నాడు. చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ ఆ వెనకగదిలో ఆ పెట్టె కాదు ఈ పెట్టె అని వెతుకుతూ ఉంటుంది, నాకు తెలుసు. ఏదో ఒకటి తెచ్చేయ్, ఎలాంటిదైతేనేం, తొందరగా వచ్చేయ్ అని లోపల్లోపల ఆవిణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాను. మూడోసారి నాన్న అడగలేదు. నా చేతిలో ఆయన చెయ్యి బరువెక్కింది.

నేనే ఆయన కళ్ళు మూశాను. దుప్పటి సర్దాను. ఇంకేం చెయ్యాలో తెలియక అలాగే కూర్చున్నాను.

"ఇప్పుడు చూడరా!" అని కిందినుంచి కేక వినపడింది.

పైకి రాలేదు ఆవిడ. కొట్లోనే కొత్త లైను ఎక్కించుకుని వచ్చి తిన్నగా వీధి మధ్యన నిలబడింది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాను. చెయ్యి వెనక్కి తీసుకుంది. పసుపు లైను ఆవిడ తల మీదుగా పోయి, ఇళ్ళ మధ్య బారుగా చాపుకుని, ముందుకొచ్చి, మెలిక అన్నది లేకుండా రోడ్డు మీద తిన్నగా పడుకుంది. ఆవిడకి పుట్టి బుద్ధెరిగాక అలా పడడం అదే మొదలు. పిల్లలు కూడా గోల ఆపేశారు. మొహమంతా వెలిగిపోతూ అత్త పైకి చూసింది.

"చూశాడా? చూశాడటే?"

 నాకు వినపడలేదనుకుని, "ఉండు, ఇంకోసారి వేస్తాను" అంది. లైను వెనక్కి లాక్కుని మళ్ళీ విసిరింది. అదీ బాగానే పడింది. నేను మెట్లు దిగి వెళ్ళి ఆవిడ చేతిలోంచి కర్ర తీసుకున్నాను.