ఐదు నిమిషాలు ముందున్న గడియారం

మా కాలేజీ ల్యాబులో టంకం పెట్టే ఆవిడను అందరం టంకమక్క అనేవాళ్లం. ఇరవై రెండేళ్లుగా అదే బల్ల. కాలు ఒకచోట నిలవదు గానీ చెయ్యి మాత్రం వణకదు. ఫోన్లు ల్యాబులోకి తేకూడదన్న రూలు ఆవిడదే. మేం ఆలస్యంగా వస్తామని గోడ గడియారాన్ని ఐదు నిమిషాలు ముందుకు తిప్పి పెట్టింది కూడా ఆవిడే. ఆ సంగతి మాత్రం మాకు చెప్పలేదు.

మేం కట్టిన ఉపగ్రహం బ్రెడ్డు పొట్లమంత ఉంటుంది. దాని యాంటెన్నా తీగకు అక్కే టంకం పెట్టింది. రాకెట్టెక్కి వెళ్లి నాలుగు రోజులైనా దాని కూత, అదే సిగ్నల్, వినబడలేదు. రోజూ అది మా తల మీదుగా దాటే పది నిమిషాలూ మేడ మీది యాంటెన్నాను కంప్యూటర్ దాని దారి వెంటే తిప్పేది. స్పీకర్లో ఒకటే బుస.

"టంకం ఊడిపోయుంటుంది," అన్నాను. అవును, ఆ మాట అన్నది నేనే. నోటికి హద్దూ అదుపూ లేదు.

అక్క తన బల్ల దగ్గరికి వెళ్లింది. మిగిలిన తీగముక్కలన్నిటికీ టంకం పెట్టి, లాగి లాగి చూసింది. ఒక్కటీ ఊడలేదు. అయినా మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీయడం మానేసింది.

"నా చేతి మీద నాకే నమ్మకం పోయిందిరా," అంది.

ఐదో రోజు ఆఖరి ప్రయత్నం. ఇవాళ కూడా వినబడకపోతే ఉపగ్రహం పోయిందని రాసి పంపేస్తానన్నారు మా ప్రాజెక్టు చూసే మాస్టారు. అది రెండూ నలభై అయిదుకు రావాలి. కంప్యూటర్లో ఆ టైమయింది, యాంటెన్నా కదిలింది. మళ్లీ బుసే. అక్క తలుపుకీ కిటికీకీ మధ్య తిరుగుతూనే ఉంది. కంప్యూటర్ రెండూ యాభై చూపిస్తుండగా కాలేజీ గంట మోగింది.

అక్క టక్కున ఆగింది. "ఇది రెండూ నలభై అయిదు గంట కదా! కంప్యూటర్‌కి టైము ఎవరు పెట్టార్రా?"

"నేనే అక్కా. నెట్ రాకపోతే, ఆ గోడ గడియారం చూసి..."

"నా మతి మండ! దాన్ని ముందుకు తిప్పింది నేనేరా! ఐదు నిమిషాలు తగ్గించు, త్వరగా!"

తగ్గించాను. యాంటెన్నా గిర్రున వెనక్కి తిరిగింది. బుసలోంచి సన్నగా కీచుమంది. ఆగి, మళ్లీ కీచుమంది. మాస్టారు కుర్చీలోంచి లేచిపోయారు.

"ఊడలేదు," అంది అక్క, ఎవరితోనూ కాదు. "నా టంకం ఊడలేదు."

సిగ్గుతో చచ్చిపోయాను. "తప్పయిపోయిందక్కా," అన్నాను.

"తప్పులు రేపు పంచుకుందాంలే. ముందు నన్ను తిననివ్వు," అని డబ్బా దగ్గరికి లాక్కుంది. మూత మాత్రం రాలేదు. ఆవిడ చెయ్యి వణకడం అదే మొదటిసారి చూశాను. ఆ మూత నేనే తీసిపెట్టాను.